నా మోకాళ్ళు, వదినగారి నడక

1. విశాఖ, గాలిఓడ రేవు

మొత్తానికి నేనే గెలిచాను. ప్యాకేజీలోనే వెళ్తున్నాం.

మా వియ్యపురాలు ప్రణవి గారితో ఈ విషయం మీద ఉగాది నుంచీ నడుస్తోంది. మా అబ్బాయి పాపయ్యా, కోడలు నాగరత్నమూ కలిసి మా ఇద్దరికీ జార్జియా యాత్ర కానుకగా ఇస్తామన్న రోజు మొదలైంది గొడవ. (ఇప్పటి పిల్లలకి ఇలాంటి పేర్లే మోజు. మా తరంలో వీధికి నలుగురు జస్వితలు ఉండేవాళ్ళు. ఇప్పుడా పేరు చెప్తే జనం లేచి నాకు సీటిస్తున్నారు.) ప్రణవి గారి దృష్టిలో విదేశం అంటే వీపున ఒక సంచి, చేతిలో ఒక పటం, ఎక్కడ పొద్దు గుంకితే అక్కడ ఎవరింట్లోనో ఒక మంచం. నా దృష్టిలో దాన్ని యాత్ర అనరు, ఇల్లొదిలి పారిపోవడం అంటారు. "రెండు పూటలా సాంబారూ, ఉతికిన దుప్పటీ, తప్పిపోతే వెతికే మనిషీ లేకుండా నేను గడప దాటను వదినగారూ" అని తేల్చేశాను.

చివరికి రాజీ కుదిరింది. రానూపోనూ సమభారం యాత్రల వాళ్ళ ప్యాకేజీలో. మధ్యలో కొండల దగ్గర బస్సు నాలుగు రోజులు చుట్టు తిరిగి అవతలి లోయకి పోతుంది. ఆ నాలుగు రోజులూ ఆవిడ తన సంచి తగిలించుకుని, కనుమ మీదుగా ఒంటరిగా నడిచి, అవతల మమ్మల్ని కలుసుకుంటుంది. ఆవిడ ఇరవై రెండేళ్ళప్పుడు కొనుక్కున్న సంచి అది. పెళ్ళి కుదరడంతో అటకెక్కింది. "నా జన్మలో ఎవరూ ఏర్పాటు చెయ్యని పని ఒక్కటి చెయ్యాలండీ" అంటుంది. అందుకోసం రెండేళ్ళుగా కాకినాడ సముద్రపు గోడ మీద, ఆ సంచిలో బియ్యం మూటలు వేసుకుని నడుస్తోంది. వెనకాల పిల్లలు ఈల వేసినా పట్టించుకోలేదట.

ఈ రోజు రేవులో పట్టీలు అంటించారు, మెడ వెనక. బస్సులో ఉన్నవాళ్ళందరి అలుపునీ, ఒంటి నొప్పులనీ ఒకచోట కలిపి, అందరికీ సమానంగా పంచుతుంది ఈ పట్టీ. అందుకే కాలేజీ పిల్లలకి టికెట్టు తగ్గించి మరీ ఎక్కిస్తారు, మా ముసలాళ్ళ బరువు మొయ్యడానికి. లోపల ఏం జరుగుతుందో నాకు తెలియదు. ఫ్యాను ఎలా తిరుగుతుందో తెలుసుకునే వేసుకుంటున్నామా?

ఒక్కటే గుబులు. జబ్బు మోకాళ్ళవాళ్ళని సమభారంలో చేర్చుకోరు. ముప్ఫయ్యేళ్ళు చీరల కొట్టులో నిలబడినదాన్ని, నా మోకాళ్ళ సంగతి నాకు తెలుసు, ఇంట్లో ఎవరికీ తెలియదు. వైద్య పరీక్షకి ముందు సూదులు వేయించుకుని గుర్రంలా నడిచి చూపించాను. కానీ పట్టీ సూదికి మోసపోదు. నా మోకాళ్ళ నొప్పి ఉమ్మడిలో కలవగానే పట్టేస్తుంది.

అప్పుడే మా గైడు పిల్ల గంగాభవాని, "కావాలంటే ఒకరిది ఇంకొకరు పూర్తిగా తీసుకోవచ్చండీ. అది ఉమ్మడిలోకి రాదు, నేరుగా వాళ్ళ మీదకే పోతుంది. మొగుడూపెళ్ళాలు తీసుకుంటుంటారు. మీ ఇద్దరిలో ఎవరైనా?" అంది.

ప్రణవి గారు వెంటనే నవ్వుతూ, "మా వదినగారిది నా మీద వేసెయ్యమ్మా. మా అల్లుడుగారి తల్లి, ఆవిడకి అలుపేవిటి!" అంది.

అది ఎలాంటి మాటో మన వైపు పుట్టిన ఎవరికైనా తెలుసు. పిల్లనిచ్చినవాళ్ళు అనే మాట. నేను "అయ్యయ్యో, అదేం మాటండీ, వద్దు" అనాలి. ఆవిడ ఇంకోసారి అనాలి, నేను ఇంకోసారి వద్దనాలి, ఇద్దరం నవ్వుకుని ఎవరి బరువు వాళ్ళం మోసుకుపోవాలి.

నేను, "సరే వదినగారూ, మీ ఇష్టం" అన్నాను.

ఆవిడ నవ్వు కాస్త ఆగి, మళ్ళీ మొదలైంది. గంగాభవాని తన చేతి పలక మీద నొక్కాల్సింది నొక్కేసింది.

2. గాలిఓడలో, సముద్రం మీద

రోజూ "ఒంటి సంగతి" రాయాలని సమభారం వాళ్ళ నియమం. రాస్తున్నాను. ఒంటి సంగతి: బ్రహ్మాండం.

స్నానానికి మనిషికి రెండు చెంబుల నీళ్ళిస్తున్నారు. గాలిఓడ కింది అంతస్తులో ఇస్తారు, మా పడకలు పై అంతస్తులో. మధ్యలో నిచ్చెనలాంటి మెట్లు. పదేళ్ళుగా మెట్లంటే పక్కకి తిరిగి, గోడ పట్టుకుని, ముందు ఎడమ కాలు, దాని పక్కన కుడి కాలు వేసి దిగేదాన్ని. ఇవాళ ఎవరో పిలిచినట్టు గబగబా దిగిపోయాను. దిగాక గుర్తొచ్చింది, నేను మెట్లు దిగానని. మళ్ళీ ఎక్కి మళ్ళీ దిగాను, ఊరికే. కాలేజీ పిల్లలు చప్పట్లు కొట్టారు.

ప్రణవి గారి నీళ్ళు కూడా నేనే తెచ్చిపెట్టాను. ఆవిడ పడక మీదే ఉంది. మనిషి కునికిపాట్లు పడే రకం కాదు. మా పాపయ్య పెళ్ళిలో మూడు రోజులు నిద్రలేకుండా వంటశాల దగ్గర నిలబడింది. "గాలి పడలేదేమో వదినగారూ" అంది. "అదేనండీ, కిందకీ మీదకీ ఊగుతోంది కదా" అన్నాను నేను. ఊగుతున్నదేమీ లేదు. ఓడ పరుపు మీద పెట్టినట్టు పోతోంది.

ఆవిడ తడిచీర కూడా నేనే ఆరేశాను. పుణ్యం వస్తుందనుకున్నానో ఏమో.

3. తిబ్లిసి

ఒంటి సంగతి: నాకేం.

ఊరి మధ్య కోట ఎక్కించారు. రాతిమెట్లు, ఒక్కోటి మోకాలెత్తు. అందరికంటే ముందు నేనే ఎక్కాను. పైన గాలి, కింద ఎర్ర పెంకుల ఇళ్ళు, నది. అరవై మూడేళ్ళలో ఇంత ఎత్తుకి నా కాళ్ళ మీద నేనెప్పుడూ రాలేదు. అక్కడ నిలబడి గట్టిగా నవ్వాను. ఒప్పుకుంటాను, ఆ కాసేపూ నాకు ఎవరూ గుర్తు రాలేదు.

తిరిగి దిగేటప్పుడు ప్రణవి గారు నాకంటే ముందుంది. పక్కకి తిరిగి, గోడ పట్టుకుని, ముందు ఎడమ కాలు, దాని పక్కన కుడి కాలు.

అది నా నడక. పదేళ్ళుగా మా ఇంటి మెట్ల మీద నేను నడిచే నడక. అచ్చు అలాగే, ప్రతి మెట్టుకీ ఒకసారి పెదవి బిగించి, ఆవిడ నడుస్తోంది.

"మీ ఒంట్లో బాగానే ఉంటోందా వదినగారూ?" అని అడిగింది కింద కూర్చున్నాక, మామూలుగానే.

"నాకేం, గుర్రంలా ఉన్నాను" అన్నాను.

తల ఊపి చెప్పులు సర్దుకుంది.

4. కొండదారి, బస్సులో

ఆవిడ కిటికీ పక్క సీటు, నాది ఈ పక్క. పొద్దుటి నుంచీ ఎడమ మోకాలు రుద్దుకుంటోంది. సరిగ్గా చెప్పాలంటే మోకాలు బయటి వైపు, చిప్పకి కాస్త కింద. ఆ చోటు నాకు తెలుసు. అక్కడ రుద్దుకుంటే హాయిగా ఉండదు, రుద్దుకోకపోతే ఉండలేం.

నేను చేస్తున్న ఘనకార్యాలు రాస్తాను. ఆవిడకి మెత్తటి దిండు తెచ్చాను. దారిలో జున్ను కూరిన రొట్టె వేడివేడిగా కొనిపెట్టాను. నా శాలువా కప్పాను. బస్సులో అందరూ, "ఎంత బాగా చూసుకుంటారండీ మీ వియ్యపురాల్ని" అంటున్నారు. ఒకావిడైతే తన వియ్యపురాలి మీద చాడీలు చెప్పి కళ్ళు తుడుచుకుంది. నాకు ముద్ద దిగలేదు. కాదు, అబద్ధం ఎందుకు, దిగింది. రెండు రొట్టెలు తిన్నాను. ఆకలి వేస్తోంది మరి, ఒంట్లో ఏ నొప్పీ లేకపోతే ఎంత ఆకలి వేస్తుందో మర్చిపోయాను.

టీ కోసం ఆగినచోట గంగాభవానిని పక్కకి పిలిచి, ఎవరి సంగతో అడుగుతున్నట్టు అడిగాను. ఒకరి అలుపు ఒకరు తీసుకుంటే, ఎప్పుడు వదిలించుకోవాలంటే అప్పుడు వదిలించుకోవచ్చా అని.

"మోసేవాళ్ళు వదల్లేరండీ. కొండెక్కుతుండగా కోపం వచ్చి వదిలేస్తే అవతలి మనిషి పడిపోరూ? మోయించుకుంటున్నవాళ్ళే విడిపించాలి. పట్టీ మీద వేలు పెట్టి 'చాలు' అంటే సరి, ఎవరిది వాళ్ళకి వచ్చేస్తుంది."

"అంతేనా?"

"అంతేనండీ. ఒక్క మాట."

ఆ ఒక్క మాట అంటే నా మోకాళ్ళు నా దగ్గరికొస్తాయి. అవి రాగానే పట్టీ పసిగడుతుంది. బస్సు దింపేస్తారు. ఎందుకు దింపారో పాపయ్యకి తెలుస్తుంది, నాగరత్నానికి తెలుస్తుంది, వాళ్ళమ్మకి తెలుస్తుంది. టీ తాగి వచ్చి నా సీట్లో కూర్చున్నాను.

5. కొండ కింద మజిలీ

పొద్దున్నే పట్టీలు తడిగుడ్డతో తుడుచుకోవాలి. మన మెడ వెనక మనకి కనపడదు కాబట్టి ఒకరిది ఒకరం తుడుస్తాం. ప్రణవి గారిది నేను తుడిచాను. నాది చల్లగా ఉంటుంది, ఆవిడది పొయ్యి మీంచి దించిన గిన్నెలా వేడిగా ఉంది.

అటు తిరిగే ఉంది ఆవిడ. అలాగే, "వదినగారూ, ఒక్కటి అడుగుతాను, నిజం చెప్పండి" అంది.

నా చేతిలో గుడ్డ ఆగిపోయింది.

"నేను ముసలిదాన్నైపోయానా? బయల్దేరే ముందురోజు కూడా బియ్యం సంచితో గోడ చివరిదాకా వెళ్ళొచ్చాను. ఇప్పుడు ఈ గదిలో ఆ చివరికి వెళ్ళాలంటే ఆలోచిస్తున్నాను. ఇన్నాళ్ళూ నన్ను నేను మోసం చేసుకున్నానా, లేకపోతే ఇంకేమైనా ఉందా?"

ఇంతకంటే మంచి సమయం ఎవరిస్తారు? మనిషి వీపు ఇటు పెట్టి అడిగింది, నా మొహం కూడా చూడటం లేదు. నా కాలి కింద నేల గట్టిగా ఉంది, మోకాలు పువ్వులా ఉంది. ఆ హాయి నాకు తీపెక్కింది.

"వయసు కదండీ" అన్నాను.

"అంతేనంటారా."

"మనం ఒప్పుకోం గానీ, ఒంటికి తెలుస్తుంది."

ఆవిడ మెల్లగా తలూపింది. "మీరన్నారంటే నిజమే అయ్యుంటుందిలెండి" అని లేచి, గోడ పట్టుకుని స్నానాల గదికి వెళ్ళింది.

కొట్టుకి వచ్చిన ఆడమనిషి కొత్తచీర భుజాన వేసుకుని అద్దంలో చూసుకుంటుంటే, "ఈ రంగు మీకు నప్పదు" అని ఎన్నిసార్లు అన్నానో, ఖరీదైనది అంటగట్టడానికి. ఆ గొంతుతోనే అన్నాను ఇవాళ. నా మీద నాకే అసహ్యంగా ఉంది. ఒంటి సంగతి అని రాయాలి కదా. ఒంటికేం, బాగుంది.

6. రాతి బురుజుల ఊరు

ఇక్కడి నుంచే కనుమ దారి. ఊళ్ళో ఇంటికో రాతి బురుజు, వెనక మంచుకొండ. ఊరి చివర ఒక చెక్క గేటు, గేటు అవతల గడ్డిలోంచి సన్నటి కాలిబాట. పట్టీ ఉన్నవాళ్ళని ఆ గేటు దాటనివ్వరు. ఆ దారి ఎవరి కాళ్ళతో వాళ్ళు నడవాలట. రేపు పొద్దున దాటకపోతే మళ్ళీ వచ్చే వేసవికే, మంచు పడి మూసేస్తారు.

రేపు పట్టీ ఎలా తీస్తారని నాలో నేను లెక్క వేసుకుంటూనే ఉన్నాను. నేను విడిపించందే ఆవిడ పట్టీ ఊడదు. అంటే ఆవిడ నన్ను అడగాలి, లేదా నేనే అనాలి. అడిగితే వెంటనే అనేద్దామని కూర్చున్నాను. అడగ్గానే, "అయ్యో, మర్చేపోయానండీ" అని నవ్వేస్తే మర్యాద దక్కుతుంది, మోకాళ్ళ సంగతి తర్వాత ఎలాగో సర్ది చెప్పుకోవచ్చు అనుకున్నాను. చూడండి నా తెలివి.

ఆవిడ అడగలేదు. మధ్యాహ్నం భోజనాల దగ్గర గంగాభవానిని పిలిచి, "నా నడక రద్దు చేసెయ్యమ్మా. బస్సులోనే వచ్చేస్తాను. సంచి కూడా బస్సు కింద సామాన్లలో పెట్టించు" అంది.

గంగాభవాని ఎంతో చెప్పింది. దారి తేలికేనని, గుడిసె గుడిసెకీ మనుషులుంటారని. ప్రణవి గారు వింటూ సాంబారులో చెంచా తిప్పుతూ కూర్చుంది. "లేదమ్మా. నా ఒంటి సంగతి నాకు తెలిసింది. ఇప్పటికైనా తెలియడం మంచిదే" అంది. ఆ సంచిని కుర్రాళ్ళు బస్సు కిందకి తోశారు. ఊదారంగు వెలిసిపోయిన సంచి. దాని భుజాల పట్టెలకి కొత్తగా కుట్లు వేసుకుంది, మెత్తటి గుడ్డ పెట్టి.

నేను అక్కడే ఉన్నాను. పప్పు వడ్డించుకున్నాను.

7. అదే ఊరు, చెక్క గేటు ముందు

బస్సు బయల్దేరడానికి హారన్ కొట్టారు. గేటు తీసి ఉంది. వేరే దేశాల నుంచి వచ్చిన నడకవాళ్ళు ఇద్దరు ముగ్గురు సంచులు బిగించుకుంటున్నారు. ప్రణవి గారు అటు ఒకసారి చూసింది. చూసి, ఇటు తిరిగి, బస్సు రాడ్డు పట్టుకుని, పక్కకి తిరిగి, ఎడమ కాలు మెట్టు మీద పెట్టి పెదవి బిగించింది. వెనక నేను, ఎక్కడానికి సిద్ధంగా, హుషారుగా.

ఇక చూడలేకపోయాను. మెడ వెనక వేలు పెట్టి "చాలు" అన్నాను.

ఎడమ మోకాల్లో ముందు వేడి, తర్వాత మేకు దిగినట్టు నొప్పి. కుడిది కూడా వచ్చింది. ఇన్నాళ్ళు లేకపోయేసరికి కొత్త నొప్పిలా ఉంది. బస్సు పక్కనే రాళ్ళ మీద కూలబడ్డాను.

మెట్టు మీద ప్రణవి గారు కదల్లేదు. ఎడమ కాలు ఒకసారి మడిచింది, చాపింది, మళ్ళీ మడిచింది. రాడ్డు వదిలేసింది. తిన్నగా, ఎదురుగా తిరిగి, కిందికి దిగి నా ముందు నిలబడింది.

"ఎన్నాళ్ళ నుంచి ఇది?"

"పదేళ్ళు. కొట్లో నిలబడి నిలబడి..."

"రేవులో మీరు సరే అన్నప్పుడు ఇదంతా తెలిసే అన్నారు."

"తెలిసే అన్నాను."

"నాకు తిబ్లిసిలోనే అనుమానం వచ్చిందండీ. ఈ నొప్పి నాది కాదే అని. ఒకసారి అడిగాను, మీరు గుర్రంలా ఉన్నానన్నారు. మళ్ళీ అడిగాను, నేను ముసలిదాన్నైపోయానా అని. మీరు వయసన్నారు. నా రెండేళ్ళ నడకని పక్కన పెట్టి మీ మాట నమ్మాను. మీరే చాలనాలని గంగాభవాని చెప్పింది. అలా అనమని మిమ్మల్ని అడుగుదామని ఎన్నిసార్లు నోటిదాకా వచ్చిందో."

"అడగాల్సింది కదా వదినగారూ! నేనేమన్నా అనేదాన్నా?"

"మా పిల్ల మీ ఇంట్లో ఉందండీ."

నాకు అర్థం కావడానికి కాస్త పట్టింది. "నాగరత్నాన్ని నేను ఏ రోజైనా ఒక్క మాట అన్నానా?"

"అనలేదు. రేపు కూడా అనకూడదనే కదా, నేను నోరు మూసుకున్నది."

హారన్ మళ్ళీ మోగింది. గంగాభవాని చేతిలో పలక ఎర్రగా వెలిగింది, నా మోకాళ్ళ కబురు చేరిపోయినట్టుంది. ఆ పిల్ల ఏమీ అడక్కుండా ముందు ఊదా సంచిని లాగించి బయట పెట్టింది. ప్రణవి గారి మెడ వెనక పట్టీ తియ్యబోయింది.

ప్రణవి గారు దాని మీద చెయ్యి అడ్డం పెట్టింది. నా వంక చూసింది. కోపం మొహంలో అలాగే ఉంది, మాట మాత్రం మామూలుగా వచ్చింది, అలవాటైన దారిలో. "పోనీ, మిమ్మల్ని రాత్రి పడుకున్న గదిలోకి చేర్చేదాకా మళ్ళీ నా మీద వేసుకోనా? తర్వాత తీసేస్తుంది."

"అయ్యయ్యో, అదేం మాటండీ. వద్దు."

"కాసేపే కదా."

"వద్దు వదినగారూ. వెళ్ళండి."

పట్టీ ఊడింది. సంచి ఎత్తి వీపున వేసుకుని, నడుం దగ్గర బిగించుకుని, గేటు దాటింది. వెనక్కి చూస్తుందేమోనని చూశాను. చూడలేదు. చూడాల్సిన పని కూడా లేదు.

8. దారిలో, నాలుగో బస్సు

బస్సు నన్ను వదిలేసి వెళ్ళిపోయింది. గంగాభవాని మంచి పిల్ల. వెళ్ళేముందు, కారు పిలిచి తిబ్లిసి పంపిస్తానంది, అక్కడి నుంచి ఇంటికి. నిబంధన ప్రకారం అది కూడా ప్యాకేజీలో ఉందట, తప్పు చేసినవాళ్ళని జాగ్రత్తగా ఇంటికి చేర్చడం. నేను వద్దన్నాను. కనుమ అవతల ప్రణవి గారు దిగే ఊరికి పోతానన్నాను. "అక్కడికి మన బండ్లు మిమ్మల్ని తీసుకెళ్ళవండీ. లోకల్ బస్సులు మారాలి. భాష రాదు, మోకాళ్ళు చూస్తే ఇలా ఉన్నాయి" అని గాబరా పడింది. ఊరి పేరు ఒక అట్టముక్క మీద రాసిమ్మన్నాను. రాసిచ్చింది.

సూట్‌కేసు ఈడ్చుకుంటూ, ఆ అట్టముక్క కనపడ్డవాళ్ళకల్లా చూపిస్తూ పోతున్నాను. రెండో బస్సు తప్పు బస్సు. దాన్నీ కలిపితే ఇది నాలుగోది. నిన్న ఒక ముసలాయన తన మనవరాలి మంచం ఇప్పించాడు, ఆయన కోడలు నాకు వెల్లుల్లి వేసిన ఏదో చారు పోసింది. డబ్బివ్వబోతే కోపం తెచ్చుకున్నారు. బ్యాక్‌ప్యాకింగ్ అంటే పారిపోవడం అన్నది నేనే కదా. నిజంగా పారిపోతున్నవాళ్ళని కూడా వీళ్ళు భోజనానికి పిలుస్తున్నారు.

ఇవాళ నాగరత్నం ఫోన్ చేసింది. "అమ్మ ఎలా ఉందత్తయ్యా? నడక మొదలెట్టిందా?" అని ఉత్సాహంగా అడిగింది. బస్సు రొద మధ్య మొత్తం చెప్పేశాను, సూదుల దగ్గర్నుంచి, పప్పు వడ్డించుకున్నదాకా. మధ్యలో ఆపలేదు ఆ పిల్ల.

అంతా అయ్యాక, "మోకాళ్ళకి ఏం రాసుకుంటున్నారత్తయ్యా? ఉప్పు కాపడం పెట్టుకోండి. ఆ సూట్‌కేసు ఎవరిచేతైనా ఎత్తించండి" అంది.

"నన్ను తిట్టవే?"

"అదేం మాటత్తయ్యా."

"మీ అమ్మకి అంత చేశానే. ఒక్క మాటైనా అనవే."

"మీరు ముందు జాగ్రత్తగా చేరండి. ఏం పర్లేదు."

మొన్నటిదాకా అయితే ఎంత బంగారం లాంటి పిల్ల అనుకుని మురిసిపోయేదాన్ని. ఇవాళ ఫోన్ పెట్టేశాక ఏడుపొచ్చింది. ఆ పిల్ల అన్నది మంచితనంతోనా, భయంతోనా? ఆరేళ్ళుగా పొద్దున్నే నాకు కాఫీ ఇచ్చేది దేనితో? కొట్టు మెట్లు ఎక్కే మనిషి మొహం చూసి ఏ చీర కొంటుందో చెప్పేదాన్ని, ఇంట్లో పిల్ల మొహం నాకు తెలియదు.

9. కనుమ అవతలి ఊరు

ఒంటి సంగతి రాయమని అడిగేవాళ్ళు ఎవరూ లేరు ఇప్పుడు.

కాలిబాట దిగి వచ్చేచోట ఒక రాతి అరుగుంది. పొద్దుటి నుంచీ దాని మీదే ఉన్నాను. సమభారం బస్సు ఇంకా రాలేదు. ఊళ్ళోవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు వచ్చి ఏదో అడుగుతారు, నేను కొండ వైపు చెయ్యి చూపిస్తాను, వాళ్ళు తలూపి వెళ్ళిపోతారు. ఒకావిడ మధ్యాహ్నం రొట్టె తెచ్చిపెట్టింది. సగం తిన్నాను, సగం దాచాను.

ఆవిడకి చెప్పాల్సినవి వరసగా పేర్చుకున్నాను. క్షమించమనాలి. నాగరత్నం విషయంలో ఆవిడకి ఏ భయమూ వద్దని ఒట్టేసి చెప్పాలి. కానీ నా ఒట్టుకి ఇప్పుడు విలువేముంది? పైగా, క్షమించమని నేను అడిగితే పిల్లనిచ్చిన మనిషి "అయ్యో, ఎంత మాట" అనక ఏం చేస్తుంది? అడగడం కూడా ఇంకో బరువు ఆవిడ మీద వెయ్యడమే. ఒక్కొక్కటే తీసేసుకుంటూ పోతే చివరికి చెప్పడానికి ఏమీ మిగల్లేదు.

ఎండ వాలాక పైన మలుపులో ఊదారంగు కనిపించింది. తిన్నగా నడుస్తోంది. ఒక్కోచోట ఆగి, చేతులు నడుం మీద పెట్టుకుని వెనక్కి తిరిగి కొండని చూస్తోంది, తను కట్టించిన ఇంటిని చూసుకుంటున్నట్టు. మొహం ఎండకి కమిలి ఎర్రబడింది. చెంప మీద గీసుకున్న గాయం.

నన్ను చూసి ఆగింది. నేను ఇక్కడ ఉంటానని అనుకోలేదు. లేవబోయాను, మోకాళ్ళు లేవనివ్వలేదు.

ఆవిడ వచ్చి, సంచి దించి, మా ఇద్దరి మధ్యలో పెట్టి, అరుగు ఆ చివర కూర్చుంది. బూట్లు విప్పింది. వేళ్ళు బొబ్బలెక్కి ఉన్నాయి. వాటి వంక సంతోషంగా చూసుకుంది. దాచిన రొట్టె ఇస్తే తీసుకుంది. మొహమాటపడలేదు, "ముందు మీరు" అనలేదు. అంతా తినేసింది.

చేతులు దులుపుకుని, కొండవైపే చూస్తూ, "మోకాలు ఎలా ఉంది?" అని అడిగింది.

నాకేం అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

"నొప్పిగా ఉంది. బాగా."

"ఎడమదేనా?"

"ఎడమదే. బయటి వైపు, చిప్పకి కాస్త..."

"తెలుసు" అంది ఆవిడ.